కెమెరా పట్టిన క్రొత్తలో

(సెక్టర్ 6, భిలాయి: తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



సెక్టర్ 6లోని ఒక క్వార్టరునకు డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా వచ్చినదని భావింపుడు. గృహస్థు కేంద్రప్రభుత్వోద్యోగి. మఱుసటి సంవత్సరము పదవీ విరమణ. దానితో క్వార్టరును విడువవలెను. అతని తండ్రి యౌవనమున శ్రీకాకుళము ప్రాంతమునుండి ఉక్కు కర్మాగారపు పనికై వచ్చి, ఈ ఊరనే ముదుసలియైనవాడు. ఆ వృద్ధుడు ప్రతి ఉదయము కూర్చుండు వాకిటి మెట్టు, ప్రక్కనున్న వేపచెట్టు, ఆయన ముఖము ఒక్క చిత్రమున నిలుపవలెనని కుమారుని కోరిక. అందులకే కెమెరా కొన్నాడు.

పెట్టె విప్పిన దినముననే మూడు చిత్రములు తీసెను. మొదటిదానిలో వెనుకనున్న వీధి తెల్లగా వెలిగినది. తండ్రి ముఖము మసిబొగ్గువలె నల్లబడినది. రెండవదానిలో తాతగారి యొద్దకు పరుగెత్తిన మనుమరాలి రూపు పొగవలె చెదరిపోయినది. మూడవది సంధ్యవేళ ఇంటిలోపల తీసినది. బొమ్మ యంతయు పసుపుపచ్చగా, ఇసుక చల్లినట్లు గరుకుగా వచ్చినది. “ఇంతకన్న చేతిలోని ఫోనే మేలు గదా!” అని ఇల్లాలు అన్నది.

ఆమె మాటలో కొంత సత్యము లేకపోలేదు. నేటి ఫోను ఒక్క నొక్కునకు పలు చిత్రములు తీసి, వానిని తనలో తానే కలిపి, పొరపాట్లను కప్పిపుచ్చి చూపగలదు. ఎస్.ఎల్.ఆర్. కెమెరా అంతటి ఉపచారము చేయదు; పట్టినవాని తెలివికి తగినంత ఫలమునే ఇచ్చును. కాని తెలివి పెరిగినకొలది ఫలమును పెరుగును. చెడిపోయిన ఆ మూడు చిత్రములే ఈనాటి ప్రసంగమునకు మూడు పాఠములు.

ముందుగా యంత్రము సంగతి. లెన్సు ద్వారా లోనికి వచ్చిన వెలుగు, నలుబదియైదు డిగ్రీల వాలున నిలిచిన చిన్న అద్దముపై పడి పైకి మరలును. అచ్చట పలుపలకల గాజు దానిని తిన్నని బొమ్మగా కంటికి అందించును. మీట నొక్కినంతనే అద్దము పైకి లేచును, షట్టరు తెఱచుకొనును, వెలుగు సెన్సారుపై పడును. ‘టక్కు’మను ధ్వని ఆ అద్దముదియు, షట్టరుదియు. చూచుటకును, తీయుటకును లెన్సు ఒక్కటే యగుటచేతను, అద్దము వెలుగును మరలించుటచేతను ఆ పేరు వచ్చినది.

పూర్వము ఫిలిము ఉన్న చోటనే ఇప్పుడు సెన్సారు కలదు. అమెరికాలోని కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు 1975లో ఫిలిము లేని కెమెరాను నిర్మించెను. ఒక్క చిత్రము క్యాసెట్టు టేపుపైకి ఎక్కుటకు ఇరువదిమూడు సెకనులు పట్టెడిది. 1999లో నికాన్ సంస్థ డి1 అను ఎస్.ఎల్.ఆర్.ను పత్రికల ఛాయాగ్రాహకులకు అందించెను. 2003లో కానన్ సంస్థ సామాన్య గృహస్థు కొనదగిన 300డి నమూనాను వెలువరించెను. ఇటీవలి కాలమున ఆ సంస్థలే అద్దము లేని కెమెరాలవైపు మొగ్గినవి. అందుచే అద్దమున్నవి చేతులు మారి చవుకగా దొరకుచున్నవి. నేర్చుకొనువానికి ఇది నష్టము కాదు. వెలుగు సూత్రములు రెంటికిని ఒక్కటియే.

ఆ సూత్రములను వంటింటి ఉపమానముతో చెప్పవచ్చును. కుళాయి క్రింద పాత్ర పెట్టినారు. కుళాయి ఎంత తిప్పినారన్నది ఒకటి. ఎంతసేపు ఉంచినారన్నది రెండవది. పాత్ర ఎంత చిన్నదన్నది మూడవది. లెన్సులోని రంధ్రము, అనగా ఎపర్చరు, కుళాయి తిప్పుట వంటిది. షట్టరు తెఱచియుండు కాలము నీరు పట్టు కాలము. ఐ.ఎస్.ఓ. అను అంకె పాత్ర పరిమాణము వంటిది. అంకె పెరిగినకొలది పాత్ర చిన్నదగును, కొద్ది వెలుగుతోనే నిండును. పాత్ర నిండకున్న చిత్రము నల్లబడును, పొర్లిపోయిన తెల్లబడును. ఈ మూడింటి పొందికయే విద్య యంతయు.

మొదటి చిత్రమున తండ్రి ముఖము ఏల నల్లబడినది? కెమెరాలోని వెలుగు కొలుచు సాధనమునకు ఎదురుగా ఉన్నది తండ్రియో, గోడయో తెలియదు. అన్నియు కలిపి నడిమి బూడిద వన్నెకు తెచ్చుటయే దాని పని. వెనుక వీధి మిక్కిలి వెలుగుచుండుటచే, వెలుగు ఎక్కువైనదని తలచి అంతటిని తగ్గించినది. ఆ తగ్గింపులో ముఖము మునిగిపోయినది. తెల్లని పంచె, ముంగిటి ముగ్గు చిత్రమంతయు నిండినను బూడిదవన్నెగా వచ్చుటకు కారణమిదియే. ‘ప్లస్, మైనస్’ గుర్తులున్న మీటను నొక్కి, చక్రమును ప్లస్ ఒకటివైపునకు త్రిప్పిన ముఖము తేరుకొనును. అంతకన్న మేలైన ఉపాయము మనిషిని కొంచెము ప్రక్కకు త్రిప్పి, వెలుగు ముఖముపై పడునట్లు కూర్చుండబెట్టుట. యంత్రమును సవరించుటకు ముందు స్థలమును సవరించుట ఉత్తమము.

రెండవ చిత్రమున మనుమరాలు ఏల చెదరినది? షట్టరు సెకనులో ముప్పదియవ వంతు తెఱచియున్నదనుకొనుడు. ఆ స్వల్పకాలముననే పరుగెత్తు బాలిక కొంత దూరము కదలును. ఆ కదలిక యంతయు బొమ్మలో పూతవలె అంటుకొనును. పరుగెత్తు పిల్లలకు ఐదువందలవ వంతు కాలము ఉండవలెను. కుదురుగా కూర్చున్నవారికి నూటయిరువదియైదవ వంతు చాలును. బాలిక నిలిచియున్నను చేయి వణకిన చిత్రము చెడును. లెన్సు ఎంత దూరపు వస్తువును దగ్గఱకు లాగినచో అంత వేగము కావలెను. 55 మిల్లీమీటర్ల వద్ద నూరవ వంతునకును, 200 వద్ద మున్నూఱవ వంతునకును తక్కువ కాకుండుట క్షేమము. మోచేతులు ప్రక్కటెముకలకు ఆనించి, ఎడమచేతితో లెన్సును క్రిందినుండి మోసి, మీటను మెల్లగా నొక్కవలెను. సగము నొక్కినప్పుడు లెన్సు వస్తువుపై కుదురుకొనును. ఆ కుదురు ముఖమున దగ్గఱి కంటిపై ఉండవలెను. అటుపిమ్మట పూర్తిగా నొక్కవలెను. తొందరతో ఒక్కసారి నొక్కుటయే క్రొత్తవారు చేయు పొరపాట్లలో పెద్దది.

మూడవ చిత్రము గరుకుదనమునకు కారణము ఐ.ఎస్.ఓ. మసక వెలుగున యంత్రము ఆ అంకెను తనంత తానే 6400 దాకా పెంచినది. అంకె పెరిగినకొలది ఇసుక వంటి మచ్చలు పెరుగును. పగటి ఎండలో 100, నీడలో 400, ఇంటిలోపల 1600 అనునవి క్రొత్తవానికి పనికివచ్చు మెట్లు. పసుపు రంగునకు కారణము వేఱు. పాతకాలపు బల్బు వెలుగు స్వభావముచేతనే పచ్చన. కన్ను దానికి సర్దుకొనును గాని సెన్సారు సర్దుకొనదు. ‘వైట్ బ్యాలెన్సు’ అను అమరికలో బల్బు గుర్తును ఎన్నుకొన్నచో తెలుపు తెలుపుగనే వచ్చును. ‘రా’ అను రూపమున చిత్రమును దాచుకొన్నవారు ఈ రంగును తరువాత కంప్యూటరుపైనను సవరించుకొనవచ్చును.

ఇక ఎపర్చరు. దాని అంకెలు తలక్రిందులు: అంకె చిన్నదైన రంధ్రము పెద్దది. 2.8, 4, 5.6, 8, 11, 16 అను వరుసలో ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. పెద్ద రంధ్రముతో తీసిన ముఖము స్పష్టముగా నిలిచి, వెనుకది మెత్తగా కరగును. చిన్న రంధ్రముతో దగ్గఱదియు, దూరమైనదియు సమముగా కన్పట్టును. పెండ్లిలో మూడు వరుసల బంధువులను నిలిపినపుడు 8 మేలు. ఒక్క వృద్ధుని ముఖమునకు 4 గాని, కెమెరాతో వచ్చు చిన్న లెన్సు అనుమతించు 5.6 గాని చాలును. మొదటి మాసము చక్రమును ‘ఎ’ లేక ‘ఎ.వి.’ గుర్తువద్ద ఉంచి, రంధ్రము తాము నిర్ణయించి, కాలమును యంత్రమునకు విడుచుట సుగమమైన మార్గము.

ఉద్యోగముచేసికొనువారికి ఇట్టి విద్య అబ్బునాయని సందేహించువారికి లాలా దీన్ దయాళ్ చరిత్ర చాలును. 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించి, రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో నకాసీలు, అంచనాలు వ్రాయు ఉద్యోగమున చేరెను. ముప్పది సంవత్సరముల వయస్సు వచ్చిన పిమ్మటనే కెమెరా పట్టెను. అప్పటి కెమెరా బరువైన పెట్టె. చిత్రము పడునది గాజుపలకపై. చెడిన చిత్రమును తుడిచివేయుటకు మీట లేదు, పలక పోయినట్లే. ఆయన తరువాత ఉద్యోగము విడిచి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పెను. పరదా పాటించు స్త్రీలకై హైదరాబాదులో వేఱుగా చిత్రశాల నడిపించెను. ఆయన 1905లో గతించెను. ఆయన గాజుపలకలలో రెండువేల ఎనిమిదివందలకు పైబడినవానిని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. నూఱేండ్ల నాటి తెలుగు నేల ముఖములు నేడు కన్పట్టుచున్నవన్నచో, ఆ పలకలను ఎవరో పదిలపఱచిరి గనుకనే.

అభ్యాసమునకు భిలాయిలో స్థలములకు కొఱత లేదు. ఆదివారము ఉదయము సెక్టర్ 6 వీధులలో చెట్లనడుమ ఏటవాలుగా పడు ఎండ మొదటి గురువు. 1972లో భారత సోవియట్ మైత్రికి గుర్తుగా వెలసిన మైత్రీబాగ్‌లో కదలెడు జంతువులపై షట్టరు వేగమును పరీక్షింపవచ్చును. సాయంకాలము సివిక్ సెంటరు దీపములు ఐ.ఎస్.ఓ. పాఠము నేర్పును. కర్మాగారము లోపల మాత్రము అనుమతి లేక కెమెరా తీయరాదు. పరుల ముఖములను వారి సమ్మతి లేక తీయరాదు. వారమునకు నూఱు చిత్రములు తీసి, తొంబది చెఱిపి, పదింటిలో ప్రతి దానికి ఏ అంకెలు పెట్టితిమో చూచుకొన్నవాడు మూడు మాసములలో పరిణతుడగును. వేఱొక లెన్సు కొనవలెనను ఆరాటము అంతవఱకు ఆగవలెను.

మరల ఆ గృహస్థు సంగతి. మూడు మాసముల పిమ్మట ఒకనాటి ఉదయము ఏడు గంటలకు తండ్రి మెట్టుపై కూర్చుండెను. కుమారుడు ఆయనను వీధికి ఎదురుగా కాక ప్రక్కవాటుగా కూర్చుండబెట్టెను. ఎపర్చరు 5.6, ఐ.ఎస్.ఓ. 400, కాలము రెండువందలవ వంతు. “కదలకుండుము” అని చెప్పలేదు. “నాన్నా, నీవు ఈ ఊరికి వచ్చిన మొదటి దినము సంగతి చెప్పు” అని అడిగెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటికి ఆయన ఇంకను స్వగ్రామముననే ఉండెను. ఆ వార్త విని, కొన్ని సంవత్సరముల పిమ్మట రైలెక్కెను. మాట సాగుచుండగా ముదుసలి కన్నులు వెలిగినవి. అప్పుడు మీట పడినది.

పని అంతటితో ముగియలేదు. కార్డునందే ఉంచిన చిత్రము ఒకనాడు కార్డుతోపాటు పోవును. కావున రెండు వేఱువేఱు చోట్ల నకళ్లు ఉంచవలెను. ఒక ప్రతిని కాగితముపై అచ్చువేయించి, వెనుక పేరు, సెక్టరు, సంవత్సరము వ్రాయవలెను. మన ఇండ్లలో ఎన్నో పాత చిత్రములు ఎవరివో తెలియక అనాథలగుచున్నవి. వెనుకవైపు ఒక్క పంక్తి వ్రాయకపోవుటయే వాని దురదృష్టము. క్వార్టరు మఱొకరిదగును, వేపచెట్టు మఱొకరికి నీడనిచ్చును. పేరు వ్రాసిన చిత్రము మాత్రము ఆ ఇంటివారితో ఎచ్చటికైనను తరలిపోగలదు.

కెమెరా ఉన్నవారు ఈ ఆదివారముననే తమ ఇంటి పెద్దలను వాకిట కూర్చుండబెట్టి తీయుదురుగాక. మొదటి చిత్రము చెడినను విచారింపవలదు. రెండవది తీయుటకు వారు ఎదుట ఉన్నారు గదా!

స్వస్తి.