వ్యాధికి మతం అంటగడితే వ్యాధి దాక్కుంటుంది
(ఆళ్లగడ్డ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అహోబిలం బ్రహ్మోత్సవాలకు వెళ్లే భక్తులు, జుమా నమాజుకు వెళ్లే మనము ఆళ్లగడ్డ బస్టాండులో ఒకే బస్సు ఎక్కుతాము. ప్రాణాంతకమైన వైరస్ కూడా ఆ బస్సులోనే ప్రయాణిస్తుంది. అది మళ్లీ వస్తే ఎలా ఎదుర్కోవాలో నేడే ఆలోచించాలి.

2020 ఏప్రిల్‌ను గుర్తుచేసుకుందాం. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. రాష్ట్రంలో కరోనా కేసులు అధికంగా నమోదైన జిల్లాలలో అదొకటి. మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చిన వారిలో కొందరికి వ్యాధి సోకిన మాట వాస్తవం. వారిని వెదకి పరీక్షించడం ప్రజారోగ్య విధి. దానిని మనం తప్పుపట్టడం లేదు. అయితే రోగులను లెక్కించే పని ఒక మతాన్ని వేలెత్తి చూపే పనిగా మారింది. ‘కరోనా జిహాద్’ అనే విషప్రచారం దేశమంతటా పాకింది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనిపిస్తోందని వ్యాఖ్యానించింది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఆ నష్టం మన గౌరవానికి మాత్రమే పరిమితం కాదు. కరోనా లక్షణాలు బయటపడకముందే ఇతరులకు సోకుతుంది. కనుక రోగి ఎవరెవరిని కలిశాడో త్వరగా తెలియాలి. ఆ మాట అతని నోటి నుండే రావాలి. తన పేరు వల్ల వీధి వీధంతా నిందపాలవుతుందని భయపడిన మనిషి నోరు విప్పడు. ఆ మౌనం వల్ల వ్యాధి పొరుగింటికి చేరుతుంది. ఆ ఇంటివారి మతమేదో అది అడగదు.

కర్నూలులో ‘రెండు రూపాయల డాక్టరు’గా పేరొందిన ఇస్మాయిల్ హుస్సేన్ కూడా రోగి మతం అడగలేదు. ఏప్రిల్ 14న ఆయన కన్నుమూశారు. కరోనా సోకినట్లు ఆ తర్వాత పరీక్షలో తేలింది.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా మృతదేహాలను తాకడం ద్వారా కూడా పాకింది. గుస్ల్ వద్దన్నచోట కొందరు రహస్యంగా ఖననం చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతో సంప్రదించి నవంబరులో కొత్త నియమావళి తెచ్చింది. ముస్లిం మృతులకు తయమ్ముమ్, కఫన్‌లకు అందులో చోటు కల్పించింది. మృతుని మర్యాదను కాపాడితేనే కుటుంబం సహకరిస్తుందని ఆ సంస్థ గ్రహించింది.

కనుక ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి మూడు: రోగుల మతాన్ని ప్రకటించరాదు, సమాచారం తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఇవ్వాలి, మృతులకు గౌరవప్రదమైన ఖననం జరగాలి. మనం చేయవలసినవీ మూడే: జ్వరాన్ని దాచక ఆశా కార్యకర్తకు చెప్పాలి, వైద్యులు కోరిన రోజున సామూహిక నమాజు ఆపి ఇంట్లోనే చదవాలి, ఏకాంతంలో ఉన్న ఇంటికి, అది ఎవరిదైనా, మస్జిద్ కమిటీ అన్నం చేర్చాలి.

ప్లేగు ఉందని విని హజ్రత్ ఉమర్ (రజి) సిరియా పొలిమేర నుండి వెనుదిరిగారు. జాగ్రత్త విశ్వాసానికి విరుద్ధం కాదు. ఈ మాటను ప్రతి మస్జిద్‌లో, ప్రతి ఇంట్లో, వ్యాధి రాకముందే చెప్పుకుందాం.