గూడ్సుబండి దిశ మార్చుట



గూడ్సుబండి స్టేషనులో నిలిచి, ఇంజను దానిని విడిచి పోగానే, "ఇక నిది కదలదు" అని తలచి పెట్టెల క్రింద దూరి అవతలకు పోవువారిని మన ప్రాంతమున తరచుగా చూచుచుందుము. ఆ తలంపు ప్రాణాపాయకరము. బండి దిశ మార్చు విధానము తెలిసినచో ఆ యపాయ మెట్టిదో బోధపడును.

గుంటూరునుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్లకు పోవు మార్గమును మీరెరుగుదురు. తొలుత నది మీటరుగేజి. పట్టాల నడుమ 3 అడుగుల 3⅜ అంగుళములు. తరువాత 5 అడుగుల 6 అంగుళముల బ్రాడ్‌గేజిగా మార్చిరి. పలనాటి సీమ సున్నపురాతికి పెట్టినది పేరు. 1958లో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము మాచర్లలో వెలసినది. ఆ మార్గమునకు మాచర్లయే కడపటి స్టేషను. వచ్చిన బండి వచ్చిన దారినే మరలవలెను.

ఎద్దుబండినైనచో కాడి పట్టి త్రిప్పవచ్చును. రైలుబండి నట్లు త్రిప్పుట యలవికాదు. కావున పెట్టెలను పట్టాలపైననే యుంచి, ఇంజనును ఒక కొననుండి రెండవ కొనకు మార్చుదురు. ముందుగా పెట్టెలు దొర్లకుండ బ్రేకులు బిగింతురు. పనివాడు ఇంజనునకును మొదటి పెట్టెకును నడుమ నిలిచి కొక్కెమును, బ్రేకుగొట్టమును విడదీయును. ఇంజను ముందునకు సాగి, పాయింట్లు మార్చిన పిదప ప్రక్క లైనుమీదుగా పెట్టెలను దాటి రెండవ కొనకు వచ్చును. గార్డు పెట్టె బండికి తోకవలె నుండవలసినది గనుక, దానిని గూడ లాగి అవతలి కొనకు చేర్చుదురు. పిమ్మట ఇంజనును తగిలించి, బ్రేకు పరీక్షించి, సిగ్నలు కొరకు వేచియుందురు.

ఆవిరియింజనుల కాలమున మరియొక చిక్కుండెను. ఇంజను వెనుకకు నడిచినచో బొగ్గుతొట్టి ముందై, డ్రైవరునకు దారి సరిగా కానరాదు. బొగ్గుపొడి కన్నులలో పడును. అందువలన పెద్ద స్టేషనులలో గుండ్రని గోతిపై తిరుగు పట్టాల వంతెన మీద ఇంజనును నిలిపి దాని మొగము త్రిప్పెడివారు. నేటి విద్యుదింజనులలో పెక్కింటికి రెండు కొనలందును డ్రైవరు గదులు గలవు. కాని ఒకే యింజను గల బండికి, అది కొన మారవలసిన పని నేటికిని తప్పలేదు.

అసలు ప్రమాద మిచ్చటనే యున్నది. ఇంజను రెండవ కొనను తాకగానే ఆ తాకిడి పెట్టెనుండి పెట్టెకు ప్రాకి యీ కొనవరకు వచ్చును. ఇచ్చట పెట్టెక్రింద దూరినవానికి ఇంజను కానరాదు. దూరపు కూత వినబడినను అది వేరొక బండిదని తలచును. డ్రైవరునకును వీడు కానరాడు. చక్రము జానెడు కదలినను కాలు పోవుటకు చాలును.

గ్రామపెద్దలారా! మిరపకోతలకు, పత్తితీతలకు తొందరపడి పోవు కూలీలకును, బడిపిల్లలకును మీ మాట శిరోధార్యము. ఇంజను లేని బండి నిద్రించు బండి కాదని వారికి చెప్పుడు. వంతెన యున్నచో వంతెన మీదుగా, లేనిచో గేటు దారిని పొమ్మనుడు. కొంత ఆలస్యమైనను చేను చేనుగనే యుండును.