బావి నీటిలో కొత్త ఇంటిపేరు

(విజయవాడలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువు భత్యం గురించి మాట్లాడుకునే చోట కంటికి ఆనని నీటి జీవుల ప్రస్తావన ఏమిటని మీకు అనిపించవచ్చు. కాని ఇది మనందరికీ తెలిసిన పనికి సంబంధించినదే. సర్వీసు రిజిస్టరులో పేరు ఎక్కని మనిషి ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసినా కాగితం మీద లేనట్టే. జీవుల విషయంలోనూ అంతే. పేరు, వివరం నమోదు కాని జీవిని కాపాడమని అడిగే నాథుడుండడు.

రొయ్య, పీత మనకు తెలిసినవే. వాటి బంధువర్గంలోనే కోపిపాడ్లు అనే చిన్న జీవులున్నాయి. సముద్రంలో ఎన్నో రకాల చేపపిల్లలకు ఇవే ఆహారం. వీటిలో ఇసుక రేణువుల సందుల్లో పాకుతూ బ్రతికే ఒక శాఖ పేరు హార్పాక్టికాయిడ్లు. చాలావాటికి ఒళ్ళు మిల్లీమీటరు కూడా ఉండదు. ఎక్కువ భాగం సముద్రవాసులు.

మనకూ గుంటూరుకూ మధ్యనున్న నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన వై. రంగారెడ్డి గారు, ఆయన శిష్యులు ఇటువంటి జీవుల కోసం కోస్తాలో బావులు, బోర్లు, ఏటి ఇసుక వెదికారు. పద్ధతి చాలా సాదా. బోరు నీటిని సన్నని వలగుడ్డలో వడకట్టడం, లేదా ఏటి ఒడ్డున ఇసుకలో గుంట తీసి, ఊరిన నీటిని వడపోయడం. మన పొలంలో మోటారు పోసిన నీళ్ళే అవి.

అసలు శ్రమ ఆ తరువాత మొదలవుతుంది. మైక్రోస్కోపు కింద సన్నని సూదులతో ఆ జీవిని కాలుకు కాలు విడదీయాలి. ప్రతి కాలికీ ఎన్ని కీళ్ళు, ప్రతి కీలు మీద ఎన్ని ముళ్ళు, ఎన్ని నూగు వెంట్రుకలు అని లెక్కపెట్టి బొమ్మ గీయాలి. ఆడదాన్నీ మగదాన్నీ వేరువేరుగా చూడాలి. అదివరకు లోకంలో ఎవరెవరు వర్ణించారో అవన్నీ తిరగేసి పోల్చాలి. ఇది ఆడిట్ పని వంటిదే. ఒక్క ముల్లు లెక్క తప్పితే జీవి మరొకరి ఖాతాలో పడుతుంది.

1758 నాటి లిన్నేయస్ గ్రంథం నుంచి జంతువులకు రెండు మాటల పేరు నిలిచింది. ముందు ప్రజాతి, తరువాత జాతి. ఆంగ్లేయులు ఇంటిపేరు చివర పెడతారు గాని, శాస్త్రజ్ఞుల పద్ధతి మన తెలుగువారి పద్ధతే. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కొత్త జాతి దొరికితే ఉన్న ఇంట్లో మరో బిడ్డ పుట్టినట్టు. అది ఉన్న ఏ ఇంటిలోనూ ఇమడనప్పుడే కొత్త ప్రజాతి, అంటే కొత్త ఇంటిపేరు పెడతారు. ఆ ప్రజాతికి ఒక మూలజాతిని చూపాలి. జాతికి మూల నమూనాను కేటాయించి భద్రపరచాలి. రేపు తగవు వస్తే దస్తావేజు అదే.

2001లో టొమిస్లావ్ కరనోవిచ్, ఇటలీకి చెందిన పెస్చే కలిసి భారతదేశ భూగర్భజలాల నుంచి ఒక కొత్త ప్రజాతిని వర్ణించి రంగబ్రాడ్య ఇండికా అని పేరు పెట్టారు. అందులోని ‘రంగ’ మన రంగారెడ్డి గారే. 2004లో కరనోవిచ్, రంగారెడ్డి గార్లు నియోమిస్సెజీనస్ ఇండికస్ అనే మరో కొత్త ప్రజాతిని ప్రకటించారు. దీని పేరులోనే చుట్టరికం ఉంది. మిస్సెజీనస్ అనేది 1982లో న్యూజిలాండు నుంచి వర్ణించిన ప్రజాతి. ఈ రెండు కొత్త ప్రజాతులూ ప్రధానంగా సముద్రంలో నివసించే కుటుంబాలకు చెందినవే. ఉప్పునీటి వంశం వారు నేల కింద నీటిలో కాపురముంటున్నారన్న మాట!

వర్గీకరణ అంటే పేర్లు పెట్టడమే కాదు, వంశచరిత్ర చదవడం కూడా. 2011లో జార్జి విల్సన్, రంగారెడ్డి గార్లు ఆంధ్ర భూగర్భజలాల నుంచి ఆంధ్రకాయిడెస్ అనే మంచినీటి ప్రజాతిని వర్ణించారు. దాని బంధువులు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికాలలో ఉన్నాయి. ఆ భూములన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవనడానికి ఈ చుట్టరికాలు సాక్ష్యం.

ఈ పట్టికలు శాశ్వతమూ కావు. నియోమిస్సెజీనస్‌ను డయోసాక్సిడే కుటుంబంలో చేర్చారు. ఆ కుటుంబాన్ని ఇప్పుడు మిరాసిడేలో కలిపి లెక్కిస్తున్నారు. డిపార్టుమెంట్లు విలీనం కావడం మనమూ చూశాం. బోర్డు మారినా ఉద్యోగి మారడు గదా!

ఇక నా మనవి. తీరప్రాంతంలో మోటార్లు అతిగా తోడితే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకువస్తుంది. పొలంలో చల్లిన మందులు కిందికి ఇంకుతాయి. నేల కింద నీటిలో బ్రతికే జీవులకు పారిపోయే చోటు లేదు. అవి చస్తే మనకు కనపడదు, వినపడదు. పేరు ఎక్కకముందే పోయినవి ఎన్నో చెప్పేవారూ లేరు.

ఈ పని చేయడానికి ఓపిక, మంచి చూపు, నిజాయితీగా రాసే అలవాటు కావాలి. మీ మనుమలలో, మనుమరాళ్ళలో ఎవరైనా జంతుశాస్త్రం చదువుతానంటే “దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?” అని వెంటనే కొట్టిపారేయకండి. మన బావి నీటిలో పేరు లేని వారు ఇంకా ఉండవచ్చు. వారి రిజిస్టరు రాసే గుమాస్తాలు కావాలి.