కంటికి కనిపించని అంపశయ్య



మహాభారతమున శాంతిపర్వమందలి ఒక ఘట్టమును ముందుగా స్మరించుకుందాము. యుద్ధము ముగిసినది. భీష్మపితామహుడు అంపశయ్యపై ఉన్నాడు. ఆయన నోట ధర్మరాజు రాజధర్మములను వినవలెనని శ్రీకృష్ణపరమాత్మ సంకల్పించాడు. అప్పుడు పితామహుడు ఏమని విన్నవించుకున్నాడు? బాణముల బాధచేత అవయవములు సడలిపోయినవనీ, బుద్ధి తేటగా లేదనీ, మాట పెగలుట లేదనీ చెప్పుకున్నాడు. అంతటి జ్ఞానివి, ఈ మాత్రము ఓర్చుకొనలేవా అని స్వామి అడుగలేదు. ముందు ఆ బాధను, ఆ తాపమును తొలగించాడు. ఆ తరువాతనే ధర్మము చెప్పుమన్నాడు.

ఇందులో మనము గ్రహింపవలసినవి రెండున్నవి. దీర్ఘమైన నొప్పి ఎంతటివాని బుద్ధినైనను మసకబరచును. బాధపడుచున్నవాని మాటను ముందుగా నమ్మవలెను.

అయితే భీష్ముని బాణములు అందరికీ కనిపించినవి. కనిపించని బాణములపై పడుకొని లేచువారు మన ఇండ్లలోనే ఉన్నారు. వారి వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు ఫైబ్రోమయాల్జియా. ప్రతి నూరుమందిలో ఇద్దరు మొదలు నలుగురి వరకు దీని బారిన పడుచున్నారని అంచనా. స్త్రీలలో ఎక్కువగా గుర్తింపబడుచున్నది.

ఒక గృహిణిని ఊహించుకొనండి. నిన్న వరలక్ష్మీవ్రతమునకు తెల్లవారుజాముననే లేచి, తొమ్మిది రకముల పిండివంటలు చేసి, పేరంటాండ్రకు నవ్వుతూ తాంబూలములిచ్చినది. నేడు కుళాయి తిప్పుటకు చేయి రాదు. మెడ, భుజములు, నడుము, తొడలు, ఒకటేమిటి, ఒళ్ళంతా నొప్పి. రాత్రి ఎనిమిది గంటలు పడుకొన్నను నిద్రపోయినట్లుండదు. పోపు డబ్బా తీయబోయి ఎందుకు వచ్చినదో మరచిపోవును. ఒకనాడు తలనొప్పి, ఒకనాడు కడుపులో బాధ, ఒకనాడు వెలుతురును, శబ్దమును సహింపలేకపోవుట. ఏ రోజు ఏది వచ్చునో ఆమెకే తెలియదు. అత్తగారు, "నిన్న పేరంటంలో బాగానే తిరిగావు గదమ్మా, ఇవాళ ఏమొచ్చింది?" అంటారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు చూచినవారు, "అన్నీ సరిగానే ఉన్నాయి" అంటారు. నొప్పి కంటె ఆ రెండు మాటలే ఆమెను ఎక్కువగా కుంగదీయును.

పరీక్షలు సరిగా ఉండుట నిజము. నొప్పి ఉండుటయు నిజము. ఈ రెండును ఎట్లు పొసగును? 1904లో గోవర్స్ అను ఆంగ్ల వైద్యుడు ఇట్టి నొప్పులకు కండరములందలి తంతువుల వాపు కారణమని తలచి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు. తరువాతి పరిశోధనలలో అట్టి వాపు కనబడలేదు. 1976 ప్రాంతమున నేటి పేరు వచ్చినది. 1990లో అమెరికా కీళ్ళవ్యాధుల వైద్యసంఘము ఒక కొలత నిర్ణయించినది. శరీరమున 18 చోట్ల వ్రేలితో నొక్కి చూచి, 11 చోట్లనైనను నొప్పి ఉన్నచో ఈ వ్యాధి అనవలెను. 2010లో ఆ పద్ధతికి బదులు, నొప్పి ఎన్ని భాగములలో ఉన్నది, అలసట, నిద్ర, జ్ఞాపకము ఎట్లున్నవి అని విచారించు పద్ధతి వచ్చినది.

మూలము నొప్పిని మోయు నాడీమండలమున ఉన్నదని నేటి వైద్యుల అవగాహన. మెల్లగా పలికిన మాట లౌడుస్పీకరులో ఊరంతా మ్రోగినట్లు, చిన్న స్పర్శను సైతము వెన్నుపాము, మెదడు పెద్ద నొప్పిగా వినిపించును. కీళ్ళు అరిగిపోవుట లేదు, ప్రాణభయము లేదు. కాని నొప్పి కల్పితమనుట మాత్రము అసత్యము.

మరి కొందరు, "పూర్వజన్మ కర్మ, అనుభవించక తప్పదు" అంటారు. సోదరులారా! కర్మసిద్ధాంతము ఎవరికి వారు తమ నడతను దిద్దుకొనుటకు ఉన్నది. మంచము మీద ఉన్నవారిని కొట్టుటకు దానిని కర్రగా చేయరాదు. కర్మ పేరు చెప్పి స్వామి పితామహుని బాధను ఉపేక్షించలేదు గదా!

ఈ వ్యాధితో జీవించుటకు మార్గమేమి? గీతలో ఆరవ అధ్యాయమున స్వామి ఆహారమునందు, విహారమునందు, పనులయందు, నిద్రయందు మితము పాటించువానికి యోగము దుఃఖమును పోగొట్టునని ఉపదేశించాడు. ఆ మితమే ఇచట ఔషధము. బాగున్న రోజున వారము పని ఒక్కసారిగా చేసినచో తరువాత నాలుగు రోజులు పడక తప్పదు. బాగున్న నాడు కొంత మిగుల్చుకొనవలెను. బాగులేని నాడు కొంచెమైనను కదలవలెను. 2016లో ఐరోపా కీళ్ళవ్యాధుల వైద్యసంఘము తన సూచనలలో అన్నిటికంటె గట్టిగా చెప్పినది వ్యాయామమునే. ఐదు నిమిషముల నడకతో ఆరంభించి, వారములు గడిచిన కొలది పెంచవలెను. నిద్రకు వేళ ఉండవలెను. థైరాయిడ్ లోపము, డి విటమిన్ లోపము, కీళ్ళవాతము వంటివి ఇదే రూపమున రావచ్చును గనుక ముందు వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను. నొప్పి తీవ్రతను తగ్గించు మందులు కొన్ని కలవు. అవి కొందరికి ఉపకరించును, కొందరికి ఉపకరింపవు. ధ్యానము, ప్రాణాయామము మనస్సుకు ఊరట నిచ్చును. వాటిని చూచుకొని మందులు మానరాదు.

భక్తులైన రోగులకు ఒక మాట. నూటఎనిమిది ప్రదక్షిణములు చేయలేకపోతినే అని దుఃఖింపకండి. ఒక్కటి చేయండి, అదియు కాకున్న కూర్చున్న చోటనే మానసికముగా చేయండి. మానసపూజ మన సంప్రదాయమున తక్కువది కాదు. చలికి నొప్పి పెరుగువారు కార్తీకస్నానము గోరువెచ్చని నీటితో చేసినను దోషము లేదు. మందు వేసుకొనవలసిన వేళ ఉపవాసమునకై దానిని తప్పింపకండి. పీటపై కూర్చొనలేనివారు కుర్చీలో కూర్చొని వ్రతము చేసుకొనవచ్చును.

ఇంటివారికి ఒక మాట. "నిన్న బాగున్నావు గదా" అనుటకు బదులు, "ఈ పూట ఎట్లున్నది? ఏ పని నేను అందుకొందును?" అని అడుగండి. పండుగనాడు తొమ్మిది పిండివంటలకు బదులు ఒక్క పరమాన్నము నివేదించినను అమ్మవారు అలుగదు. కోడలు మరునాడు లేవగలిగినచో అదియే ఆ ఇంటికి వ్రతఫలము.

ఆలయసేవకులకును ఒక విన్నపము. వరుసలో నిలువలేనని ఒకరు చెప్పినప్పుడు, "చూడటానికి బాగానే ఉన్నారే" అనకండి. ఒక బల్ల చూపించండి. చూపునకు అందని బాధను మాటతో నమ్ముట గొప్ప సేవ.

అట్టి దయ మన ఇండ్లలో, ఆలయములలో వర్ధిల్లవలెనని, బాధపడుచున్న వారికి స్వామి ఉపశమనమును, ధైర్యమును ప్రసాదింపవలెనని ప్రార్థించుచు సెలవు తీసుకొనుచున్నాను.

స్వస్తి.