దుకాణం పెట్టిన కుర్రవాడికి తోడు ఎవరు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో ఉర్దూ వాసన తగిలితే మన్నించండి. వ్యాపారం సంగతి ఈయనకేం తెలుసని వెనక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నిజమే, నాకు కూరగాయల బేరం కూడా రాదు. నేను చెప్పబోయేది నా శిష్యుడొకడి గురించి. అతని అనుమతి తీసుకున్నాను గాని, పేరు మాత్రం చెప్పను.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో అతడు ఏడో తరగతి. అయిదు నిమిషాలు ఒకచోట కూర్చునేవాడు కాదు. పుస్తకం తెస్తే కలం మరచిపోయేవాడు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేవాడు. చాలాసార్లు అది సరైన జవాబే! నేనేం చేశాను? బెంచీ ఎక్కించాను, గుమ్మం బయట నిలబెట్టాను, అందరి ముందు "కామ్‌చోర్" అన్నాను.

పెద్దవాడై సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం పెట్టాడు. మంచి పనివాడు. ఇతరులు "ఇక లాభం లేదు" అన్న ఫోన్లు బాగుచేసేవాడు. అయినా రెండేళ్ళలో దుకాణం మూతపడింది. గిరాకీ లేక కాదు. ఎవరి ఫోను ఎవరిదో రాసుకోలేదు. సామాను ఇచ్చినవాడికి బాకీ తీర్చే తేదీ గుర్తులేదు. అద్దె డబ్బు గల్లాలో ఉండి కూడా మూడు నెలలు కట్టలేదు. తర్వాత మానసిక వైద్యుని దగ్గర ఏ.డి.హెచ్.డి. అని తేలింది. ఆ చీటీ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "సార్, నేను కామ్‌చోర్‌ని కాదంట" అన్నాడు. చేతిలో చాయ్ ఉంది, గొంతు దిగలేదు నాకు.

ఏ.డి.హెచ్.డి. అంటే ధ్యాస, తొందరపాటు మన అదుపులో ఉండకపోవటం. వైద్య గ్రంథాల్లో 1987 నుంచి ఈ పేరు ఉంది. ఇది సోమరితనం కాదు, పెంపకం లోపం కాదు. పెద్దయ్యాక చాలామందిలో కొనసాగుతుంది. ఇష్టమైన పనిలో గంటలకొద్దీ మునిగిపోతారు, విసుగు పుట్టించే చిన్న పని దగ్గర చతికిలబడతారు. వ్యాపారంలో సగం అలాంటి చిన్న పనులే గదా! మందు అవసరమా కాదా డాక్టరు చెప్పాలి, మనం కాదు. అనుమానం ఉన్నవారు 14416కు ఫోను చేయవచ్చు, అది 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్. "షాదీ చేస్తే కుదురుకుంటాడు" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆ పిల్ల చేసిన నేరమేమిటి సాబ్?

ఇప్పుడొక అమెరికా సంగతి. పాల్ ఓర్ఫలియా అని ఒకాయన, లెబనాన్ నుంచి వలసపోయిన కుటుంబం. చదవటం కష్టం, నిలకడ లేదు. రెండో తరగతి తప్పాడు, ఒకటికి మించి బడులు బయటికి పంపాయి. 1970లో కాలిఫోర్నియాలో విశ్వవిద్యాలయం పక్కన జిరాక్స్ దుకాణం తెరిచాడు. తండ్రి జామీను ఉండగా తెచ్చిన 5,000 డాలర్ల అప్పు. గది ఎంత చిన్నదంటే, మెషీన్ను కాలిబాట మీదికి నెట్టుకొని పని చేసేవారట. ఆ దుకాణమే కింకోస్. 2004లో ఫెడెక్స్ కంపెనీ దాన్ని సుమారు 240 కోట్ల డాలర్లకు కొన్నది.

ఆ డబ్బు చూసి నోరు తెరవకండి. ఈ జబ్బున్న ప్రతివాడూ కోటీశ్వరుడు కాడు, ఎక్కువమంది నష్టపోయేవాళ్ళే. నన్ను ఆకట్టుకున్నది మరొకటి. తనకు రాని పని తాను చేయలేదాయన. చదివి చెప్పేవాళ్ళను పక్కన పెట్టుకున్నాడు. స్నేహితులకు, బంధువులకు వాటా ఇచ్చి, కొత్త దుకాణాలు వాళ్ళ చేతుల్లో పెట్టాడు. తాను ఆఫీసులో కూర్చోలేడు కాబట్టి దుకాణం దుకాణం తిరిగాడు. ఒకచోట చూసిన మంచి పద్ధతిని మిగతా దుకాణాలకు చెప్పేవాడు.

మన కుర్రవాడికి అలాంటి మనుషులెవరు? మనం అప్పు ఇస్తాం, చెక్కు ఇస్తూ ఫోటో తీయించుకుంటాం. మళ్ళీ ఆ గుమ్మం తొక్కేది వాయిదా తప్పినప్పుడే.

కిందటేడు అతడు మళ్ళీ దుకాణం తెరిచాడు. ఈసారి వాళ్ళ ఆపా గల్లా చూస్తుంది, వచ్చిన ప్రతి ఫోనుకూ నంబరు చీటీ కడుతుంది. బ్యాంకులో చేసి రిటైరైన మన సభ్యులొకరు ఆదివారం సాయంత్రం గంటసేపు వెళ్ళి కూర్చుంటారు. లెక్కలు ఆయన రాయరు. పేపరు చదువుకుంటారు, అంతే! పక్కన మనిషి ఉంటే కుర్రవాడు పుస్తకం తీస్తాడు, లేకపోతే తీయడు. ఇదేం విచిత్రమని నేనూ అనుకున్నాను. వెళ్ళి చూశాను, పని జరుగుతోంది. ఎదురు దుకాణం అతను జి.ఎస్.టి. నెలవారీ రిటర్ను 20వ తేదీ అని రెండు రోజుల ముందే కేక వేస్తాడు. మొన్న ఒక నెల అద్దె ఆలస్యమైంది, దాచటమెందుకు. కాని ఇంటాయన అడగకముందే తానే వెళ్ళి చెప్పుకున్నాడు.

మన సంఘం అప్పు తీసుకున్నవారిలో ఇలాంటివారు ఇంకా ఉండవచ్చు. వారానికి ఒక గంట ఇవ్వగలవారు కావాలి. ఉపదేశం ఇవ్వకుండా కూర్చోగలవారైతే మరీ మంచిది, మా పంతుళ్ళకు అదే కష్టం. నోటుబుక్కు తెచ్చాను, మొదటి పేరు నాదే రాసుకున్నాను. సభ ముగిశాక బయట చాయ్ దగ్గర ఉంటాను, వచ్చి కలవండి.