గిలక మోయు బరువు

బావినుండి నీరు తోడునప్పుడు గిలక చప్పుడు విననివారుండరు. కాని ఆ గిలక ఎంత బరువు మోయుచున్నదని ఆలోచించువారు తక్కువ. నీటితో కూడ చేద 10 కిలోలనుకొందము. తాడును ఒకవైపున చేద క్రిందికి లాగుచున్నది. రెండవవైపున మన చేయియు నంత బలముతోనే లాగుచున్నది. కనుక గిలకపై పడునది 10 కాదు, 20 కిలోలు. ఈ చిన్నలెక్కను మరచినచో ఎంతటి ముప్పు వాటిల్లునో చెప్పుటయే మా ఉద్దేశము.

రామగుండము, గోదావరిఖని ప్రాంతములవారికి ఉక్కుమోకు క్రొత్తది కాదు. సింగరేణి భూగర్భగనులలో బొగ్గుటబ్బులను ఏటవాలు బాటపై హాలేజీ యంత్రము మోకుతో పైకి లాగు పద్ధతి చిరకాలము సాగినది. మోకు తెగినచో టబ్బులు వెనుకకు దొర్లి ఎదుటివారిని నలిపివేయును. అందుచేతనే 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలును, వాని స్థానమున వచ్చిన 2017 నిబంధనలును హాలేజీ మోకులను, లంకెలను తరచు పరీక్షించి పుస్తకమున వ్రాయవలెనని విధించినవి.

గని వెలుపల నీ జాగ్రత్త సన్నగిల్లుచున్నది. వానకాలమున నల్లరేగడిలో జీపు దిగబడినను, గోదావరి ఇసుకలో లారీ కూరుకొన్నను, చేతికందిన తాడును, కొక్కెమును తగిలించి వించితో లాగుదురు.

వించి బలము చాలనప్పుడు ఎదుటి చెట్టునకు గిలకను కట్టి, మోకును దానిచుట్టు త్రిప్పి, కొసను తిరిగి బండికే తగిలించుట మంచి ఉపాయము. వేగము సగమగును, రాపిడికి పోయినది పోగా, బండిని లాగు బలము దాదాపు రెట్టింపగును. అయితే మోకులో 4 టన్నుల బిగువున్నచో, చెట్టుకడనున్న గిలకపై 8 టన్నులు పడును. దానిని పట్టియున్న షాకిలుపైనను, చెట్టుచుట్టు వేసిన పట్టాపైనను అంతే బరువు. 5 టన్నుల గిలక మోకునకు చాలినట్లు కనిపించును. కాని అచ్చట విరుగునది అదియే. మోకు సమకోణముగ మలగినచో గిలకపై బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు. పూర్తిగ వెనుకకు మలగినచో రెండు రెట్లు. కావున వించి పూర్తిబలమునకు రెట్టింపు మోయగల గిలకనే కొనవలెను.

వస్తువుపై నున్న అంకెయు రెండు విధములు. ఒకటి తెగు బరువు, రెండవది సురక్షితముగ పనిచేయు బరువు. ఉక్కుమోకులకు రెండవది సాధారణముగ మొదటిదానిలో 5వ వంతు. అంగడిలో పెద్ద అంకెను చూపినచో, అది ఏ బరువని అడుగవలెను. అంకెయే లేని గిలకను, షాకిలును కొనరాదు.

గిలక గాడి మోకు మందమునకు సరిపోవలెను. గాడి ఇరుకైనచో మోకు నలుగును. గిలక మరీ చిన్నదైనచో మోకు గట్టిగ వంగి లోపలి తీగలు తెగును. ఉక్కుమోకు గీతలుపడిన గిలకపై నైలానువంటి తాళ్లను నడుపరాదు. గరుకు అంచులు వానిని కోయును. షాకిలునకు దాని మేకునే బిగింపవలెను. మేకు పోయినదని మామూలు బోల్టును దూర్చుట ప్రాణాంతకము. షాకిలును ప్రక్కకు కాక నిలువుగ లాగవలెను. గొలుసును చెట్టునకు చుట్టక, వెడల్పైన పట్టాను వాడవలెను.

మోకు బిగిసిన పిమ్మట, వంగిన మోకు రెండు పాయల నడుమ నెవరును నిలువరాదు. గిలక ఊడినచో అది ఆ నడుమకే దూసుకొనివచ్చును. చూడవచ్చిన పిల్లలను మోకు పొడవునకు మించిన దూరమున నుంచవలెను.

లాగుటకు ముందు వించి మొదలు చెట్టు వరకు ఒక్కొక్క వస్తువును చేతితో తాకుచు, "దీనిని ఎన్ని పాయలు లాగుచున్నవి? దీనిపై ఏ అంకె ఉన్నది?" అని ప్రశ్నించుకొనవలెను. ఒక్కదానికి జవాబు దొరకకున్నను మోకు బిగింపరాదు. బండి మరి గంటసేపు బురదలో నున్నను చెడిపోవునది లేదు.