ఊరు పెరిగే వేళ చెరువుకు కాపలా



ఈ వేళ విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని చెప్పబోవడం లేదు. మీ పొలానికి నీరు వచ్చే దారిని గురించి చెబుతాను. చిన్న పట్టణాలను ఆనుకొని వున్న పల్లెల్లో ఆ దారికి ఇప్పుడు ముప్పు వచ్చింది. ఊరు బస్టాండు దాటింది, మార్కెట్ యార్డు దాటింది. నిరుటిదాకా జొన్న పండిన చేలో తెల్ల రాళ్లు పాతారు. ఊరు పెరగడం తప్పు కాదు. మన పిల్లలకు ఇళ్లు కావాలి, బడి కావాలి, ఆసుపత్రి కావాలి. అయితే ఆ రాళ్లు పాతక ముందు, ‘ఈ నేల మీద వాన నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది?’ అని అడిగిన వారెవరైనా వున్నారా? ఆ ప్రశ్న ఎవరు అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎట్లా అడగాలి అన్నదే ఈనాటి సంగతి.

ముందు చెరువు అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. కట్ట, కట్ట వెనుక నీళ్లు, ఇంతే చెరువు అనుకుంటారు పట్నవాసులు. మీకు తెలుసు, అది సగమే. పైన వాన నీటిని పోగుచేసి పంపే మెరక భూములు వున్నవి. ఆ నీటిని చెరువులోకి తెచ్చే వాగులు, వంకలు, వరద కాలువలు వున్నవి. నీరు నిండితే మునిగే శిఖం భూమి వున్నది. నిండిన తర్వాత మిగులు నీరు పొర్లిపోయే చోటు వున్నది. దాన్ని మీరు అలుగు అనండి, మత్తడి అనండి, కలుజు అనండి, మరువ అనండి, పని ఒక్కటే. ఆ నీరు కింది చెరువుకు పోతుంది. అది నిండితే ఆ పై దానికి. కాకతీయుల కాలం నుంచి మన పెద్దలు చెరువులను ఇట్లా గొలుసుగా కట్టుకుంటూ వచ్చారు. గొలుసులో ఒక్క కొక్కెం తెగితే తక్కినవన్నీ వున్నా లాభమేమిటి?

ఇప్పుడు లేఅవుటు వేసే మనిషి సామాన్యంగా చెరువు నడుమ రాయి పాతడు. అట్లా చేస్తే ఊరంతా చూస్తుంది. అతడు చెరువుకు అర మైలు పైన, గడ్డి మొలిచిన వంకను చదును చేస్తాడు. ఎండాకాలంలో అది వంక అని ఎవరికీ తోచదు. నాలుగు లారీల మట్టి పోస్తే రోడ్డు అవుతుంది. లేదా అలుగు కింద వాగును ఇరుకు చేసి రెండు వరుసల ప్లాట్లు తీస్తాడు. మొదటి దాని వల్ల చెరువు నిండదు, మీ నాట్లు పడవు, కట్ట కింది బావులు అడుగంటుతవి. రెండో దాని వల్ల పెద్ద వాన నాడు నీరు ఇళ్లలోకి వస్తుంది. ఒకే తప్పు ఎగువన కరువవుతుంది, దిగువన వరదవుతుంది.

కొంచెం లెక్క వేసి చూడండి. ఎకరం నేల మీద ఒక అంగుళం వాన కురిస్తే సుమారు 1,02,800 లీటర్ల నీరు. 10 ఎకరాల మీద 4 అంగుళాలు కురిస్తే 41 లక్షల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 800 పైమాట. దున్నిన చేను ఈ నీటిలో కొంత తాగుతుంది, గట్లు కొంత ఆపుతవి, మిగిలింది నిదానంగా సాగిపోతుంది. అదే 10 ఎకరాల్లో డాబాలు, సిమెంటు రోడ్లు పడితే తాగే నేల ఏది? నీరంతా ఒక్కసారిగా లేచి దారి వెతుక్కుంటుంది. పాత దారి మూసివుంటే కొత్త దారి తానే చేసుకుంటుంది.

ఇది ఊహ కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో భారీ వానలకు చెరువులు తెగి కాలనీలు మునిగిన సంగతి మీరు విన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటల జనం రోజుల తరబడి నీళ్ల నడుమ వుండిపోయారు. అవి మహానగరాల సంగతులు, మన చిన్న ఊరికేమి అనుకోకండి. ఆ పేటలున్న చోట కూడా ఒకప్పుడు పొలాలే. పెద్ద ఊరయిన తర్వాత దిద్దుకోవడానికి కోట్లు కావాలి. చిన్న ఊరుగా వున్నప్పుడు దిద్దుకోవడానికి నలుగురు మనుషులు, ఒక నక్షా చాలు. 2023లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జలవనరుల గణన చూడండి. దేశంలో లెక్కకు వచ్చిన 24 లక్షల పైచిలుకు చెరువులు, కుంటలలో 38,496 ఆక్రమణకు గురైనవి. వాటిలో నూటికి 95 పల్లెల్లోనివే. చెరువులు ఎక్కువగా వున్నది పల్లెల్లోనే గనుక కాపలా కూడా అక్కడే మొదలు కావాలి.

చట్టం లేదా అంటే, వున్నది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం చెరువుల హద్దులను శాశ్వతంగా గుర్తించి ఆక్రమణలు తొలగించమంటున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు ఇంకా వివరంగా చెప్పినవి. చెరువు నిండినప్పుడు నీరు నిలిచేంత మేర ఏ కట్టడమూ కూడదు. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆ పైబడిన చెరువైతే నిండు నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకు చిన్నదైతే 9 మీటర్లు. 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకైనా, కాలువకైనా 9 మీటర్లు. అంతకంటె సన్నని కాలువకు 2 మీటర్లు. తర్వాత వచ్చిన సవరణలు ఏమైనా వుంటే మీ మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

సుప్రీంకోర్టు మాట కూడా వున్నది. పంజాబులో పటియాలా జిల్లాలోని రోహర్ జాగీర్ అనే గ్రామంలో ఊరి కుంటను పూడ్చి కొందరు ఇళ్లు కట్టుకున్నారు. డబ్బు కట్టించుకొని స్థలం వాళ్లకే ఇచ్చేయమని అక్కడి అధికారులు అన్నారు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. ఇళ్లు కట్టినంత మాత్రాన, డబ్బు ఖర్చు పెట్టినంత మాత్రాన ఊరి ఉమ్మడి భూమి సొంతం కాదన్నది. ఇటువంటి భూములను ఖాళీ చేయించే ఏర్పాటు చేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

మరి ఇంత చట్టం వుండగా వంకలు ఎందుకు పూడుతున్నవి? అనుమతి ఇచ్చే వారు కాగితం చూస్తారు. కాగితం మీద వంక లేకపోతే నేల మీద వున్నా లేనట్టే. నేల చూసిన రైతును ఎవరూ అడగరు. రైతు తానుగా పోయి చెప్పడు.

ఇక్కడ ఒక పరాయి దేశపు సంగతి చెబుతాను, పోల్చి చూసుకోవడానికి పనికివస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం వున్నది. అక్కడ 1957లో ఒక చట్టం చేసి, ప్రతి ఊరూ తన నేలను, నీటిని కాపాడుకునేందుకు ఒక స్థానిక సంఘం పెట్టుకోవచ్చునన్నారు. ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఊరివాళ్లే సభ్యులు. చెలమలకు, చిత్తడి నేలకు 100 అడుగుల లోపల ఎవరైనా ఇల్లు కట్టాలన్నా, మట్టి పోయాలన్నా ముందుగా ఆ సంఘానికి అర్జీ పెట్టుకోవాలి. చుట్టుపక్కల భూములవారికి నోటీసు పోతుంది. బహిరంగ విచారణ జరుగుతుంది. సభ్యులు పోయి నేల చూసి వస్తారు. తర్వాత షరతులు రాసి ఇస్తారు. ఆ షరతులు రిజిస్ట్రారు ఆఫీసులో ఆ భూమి పేరున నమోదవుతవి. రేపు కొనేవాడికి కూడా తెలుస్తుందన్న మాట.

వాళ్ల 100 అడుగులూ, మన 30 మీటర్లూ దాదాపు ఒకటే కొలత. నియమంలో మనం వెనుకబడలేదు. నోటీసులో, విచారణలో, నేల మీద నడిచి చూడడంలో వెనుకబడ్డాం. ఆ పని మనమూ చేసుకోవచ్చు. కొత్త చట్టం కోసం కాచుకోనక్కర లేదు.

ఎట్లాగంటారా? మన దగ్గర గ్రామసభ వున్నది, వార్డు సభ్యులున్నారు. 1997 చట్టం ప్రకారం పెట్టిన నీటి వినియోగదారుల సంఘాలు వున్న చోట అవి వున్నవి. ఇవి గాక, 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోను, ప్రతి మున్సిపాలిటీలోను జీవవైవిధ్య నిర్వహణ కమిటీ వుండాలి. ఊరిలోని చెట్టు, చేప, పక్షి, పంటలను గురించి ప్రజలు చెప్పిన వివరాలతో అది ఒక రిజిస్టరు రాయాలి. మీ ఊరి కమిటీలో సభ్యులెవరో మీకు తెలుసా? తెలియకపోతే రేపే పోయి అడగండి. ప్లాట్లకు అనుమతి ఇచ్చే అధికారం ఆ కమిటీకి లేదు. అయినా రిజిస్టరులో చెరువు, దాని వాగులు, అక్కడి చేపలు రాసి వుంటే అది రేపు సాక్ష్యంగా పనికివస్తుంది.

చేయవలసిన పనులు వరుసగా చెబుతాను.

మొదటిది, నక్షా. గ్రామ నక్షా నకలు తెచ్చుకోండి. ఆంధ్రలో ఎఫ్.ఎం.బి. అంటారు, తెలంగాణలో టిప్పన్ అంటారు, సర్వే నంబర్ల వారీ కొలతల పటం, అది కూడా కావాలి. నీటిపారుదల శాఖలో చెరువు మెమోయిర్ అనే రికార్డు వుంటుంది. ఇవ్వడంలో ఆలస్యం చేస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

రెండోది, నడక. నక్షా చేతబట్టుకొని తొలకరి వాన పడ్డ మరునాడు వాగు వెంట నడవండి. కుర్రవాళ్లను వెంట తీసుకుపొండి. నీళ్లు కట్టిన అనుభవం వున్న పెద్దమనిషిని తప్పక తీసుకుపొండి. నీరటికాడికి తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలియదు. ఎక్కడ కాలువ పూడింది, ఎక్కడ తూరలు ఇరుకుగా వేశారు, ఎక్కడ మట్టి పోశారు, సర్వే నంబరుతో సహా రాసుకోండి. ఫోటో తీసి తేదీ వేయండి.

మూడోది, వేళ. లేఅవుటు అర్జీ వచ్చినప్పుడే మాట్లాడాలి. ప్లాట్లు అమ్మి, పునాదులు తీసిన తర్వాత మాట్లాడితే అవతల బీదవాడు నష్టపోతాడు. జీవితమంతా కూడబెట్టి ప్లాటు కొన్న ఉపాధ్యాయుడో, డ్రైవరో వచ్చి మీ ముందు నిలబడితే మీరేం చెబుతారు? అందుచేత గ్రామసభలో ముందే తీర్మానం చేసుకోండి: చెరువుకు గాని, వాగుకు గాని దగ్గరలో ఏ లేఅవుటు వచ్చినా, ముగ్గురు రైతులు పోయి నేల చూసి చెప్పిన తర్వాతనే పంచాయతీ తన మాట రాయాలని. అభ్యంతరం వుంటే కాగితం మీద రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట గాలికి పోతుంది.

ఇక ఒక కష్టమైన సంగతి వున్నది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చెరువు శిఖంలో కొందరు రైతులకు పట్టాలున్నవి. నీరు తగ్గినప్పుడు దున్నుకోవచ్చు, కట్టడం మాత్రం కూడదు. గట్టు అవతలి వాడు ఎకరం కోటికి అమ్ముకుంటూ వుంటే ఇతడు చూస్తూ కూర్చోవాలి. అతడికి దుఃఖం కలగదా? చెరువు వల్ల లాభం ఊరందరిది, నష్టం అతడొక్కడిది. ఇటువంటి రైతును దొంగగా చూడకండి. అతణ్ణి కూర్చోబెట్టి మాట్లాడండి. నీరు తీసిన నేలలో పుచ్చ, దోస, పశుగ్రాసం వంటివి వేసుకోవడానికి విత్తనం, సలహా అందించండి. చేపల సొసైటీతో సర్దుబాటు చేయండి. బదులు భూమి గాని, పరిహారం గాని ఇప్పించమని ఊరు మొత్తం కలిసి అడగండి. అతడిని ఒంటరిని చేస్తే, దళారి వచ్చి అతడి పక్కన కూర్చుంటాడు.

విస్తరణ శాఖ మిత్రులకు ఒక్క మాట. మీరు పంట నమోదుకు పొలాల వెంట తిరుగుతూనే వుంటారు. ఏ సర్వే నంబరులో సాగు ఆగింది, ఎక్కడ రాళ్లు పాతారు అన్నది అందరికంటె ముందు మీ కంటనే పడుతుంది. అది మీ శాఖ పని కాదని ఊరుకోకండి. పంచాయతీ కార్యదర్శికి, నీటిపారుదల ఇంజనీరుకు ఒక చీటీ రాయండి. ఆయకట్టు ఎండిన తర్వాత తక్కువ నీటి పంటలు వేయమని సలహా చెప్పడం కంటె ఆ చీటీ ఎక్కువ మేలు చేస్తుంది.

భూమి అమ్ముకునే రైతులకూ ఒక మాట. అమ్ముకోవడం మీ హక్కు. కాని మీ చేలో నుంచి వంక పోతూ వుంటే, ఆ వంకను అట్లాగే వదలాలని అగ్రిమెంటులో రాయించండి. మీరు అమ్మింది మీ భూమిని. వంక నీరు కింది వాళ్లందరిదీను.

వానాకాలం ఇంకా రాకముందే ఈ నడక ఒకసారి నడిచి చూడండి. పూడిన కాలువ ఒక్కటి దొరికినా, పార పట్టి తెరవగలిగింది ఇప్పుడే. దాని మీద ఇల్లు లేచిన తర్వాత తెరవడం ఎవరి తరమూ కాదు.